బావిలో మెట్లెన్ని

ఫ్యాను వేసింది బైండరమ్మే. తప్పు ఇంకొకరి మీదికి తోసే వీలు లేదు.

బల్ల మీద రెండు నవలలు విప్పి ఉన్నాయి. ‘ఏడు రేవులు’ మూడో భాగం, ‘బూడిద కోట’ మూడో భాగం. రెండూ గ్రంథాలయానివే. జనం చదివి చదివి జిగురు వదిలించారు. ఒకే ప్రచురణకర్త, ఒకే కాగితం, ఒకే అచ్చు. గాలికి ఏ కాగితం ఎందులోదో తెలియకుండా గదంతా పరుచుకున్నాయి.

గ్రంథపాలకురాలు ఐదింటికి వస్తుంది. కిందటి వారమే చెప్పి వెళ్లింది: ఇంకొక్క తప్పు దొర్లితే కమిటీవాళ్లు పనంతా మిషను మీద పుస్తకాలు కట్టే షాపుకి ఇచ్చేస్తారు. ముప్పై ఒక్కేళ్లుగా ఈ గది నడుస్తున్నది ఆ పని మీదే.

బైండరమ్మ మేనకోడలికి ఫోను చేసింది. బడిలో లెక్కలు చెప్పే ఆ పిల్ల చదువుకునే రోజుల్లో రెండు కథల్నీ నమిలి మింగింది. వెంటనే వచ్చి నేల మీద చతికిలబడింది. మనుషుల పేర్లు చూసి కుప్పలు విడదీశారు. పుట సంఖ్యలు చూసి వరస పెట్టారు. చివరికి ఎనిమిది కాగితాలు మిగిలాయి. నాలుగేసి కాగితాల అధ్యాయాలు రెండు. సంఖ్యలున్న మూలలు చెమ్మకు రాలిపోయాయి. మనుషుల పేర్లు లేవు. రెండిట్లోనూ ఒక అమ్మాయి బావిలోకి దిగుతుంది, ఒక ముసలాయన పైన నిలబడతాడు.

“ఒకరిది చూసి ఒకరు కాపీ కొట్టారటే?”

“లేదత్తా. ఇలాంటి కథలన్నీ ఇంతే. రెండిట్లోనూ తల్లి లేని పిల్లే. రెండిట్లోనూ కుంటి గురువే. ఊరంతా భయపడే మృగం, తీరా చూస్తే అదే ఓ మూల కూర్చుని ఏడుస్తుంటుంది.”

“మరి ఒకటి చదివితే చాలదూ?”

“నువ్వూ నాన్నా ఒక తల్లి పిల్లలే. ఒకరుంటే చాలని ఎవరైనా అంటారా?”

“మీ నాన్నని చూసినవాళ్లు అంటారు.”

బైండరమ్మ పుస్తకాలు కడుతుంది, చదవదు. పని నేర్పిన తండ్రి మాట అది: చదువుతూ కూర్చునే బైండరు, రుచి చూస్తూ కూర్చునే వంటవాడు, ఇద్దరి పనీ తెమలదు. ఇప్పుడు వేరే దారి లేదు. కళ్లజోడు తుడుచుకుంది.

“బావి పైన నిలబడే ఆ గురువులిద్దరికీ తేడా ఏంటో చెప్పు.”

“రేవుల ముసలాయనకి అన్నీ తెలుసు, పెదవి విప్పడు. కోట ముసలాయనకి ఏమీ తెలీదు. పిల్ల బెదురుతుందని తెలిసినట్టు మాట్లాడతాడు.”

చెరో అధ్యాయం చదివి మార్చుకున్నారు. మెట్లెన్నని రెండిట్లోనూ అమ్మాయి అడుగుతుంది. ఒకాయన “దిగితే తెలుస్తుంది” అంటాడు. రెండో ఆయన “ముప్పై” అంటాడు.

“ముప్పై అని ఠక్కున చెప్పాడంటే తెలిసినవాడేగా. ఇది రేవులది” అంది మేనకోడలు.

బైండరమ్మ ఆ కాగితాలు తన వైపు తిప్పుకుంది. ఆ కథలో పిల్ల బావిలోకి దిగుతూ మెట్టుకొక పువ్వు పేరు తలుచుకుంటుంది. కాగితాలు లెక్కపెట్టినట్టే ఆవిడ సూది మొనతో ఒక్కో పేరూ తాకుతూ పోయింది. మళ్లీ మొదటి నుంచి తాకింది.

“ముప్పై కాదు, ముప్పై రెండు” అంది. “ఈయనకి తెలీదు. ఇది కోటది.”

మేనకోడలు కాగితాలు లాక్కుని తనూ లెక్కపెట్టింది. “నాలుగుసార్లు చదివానత్తా, నాకు తోచనే లేదు.”

“లెక్కల టీచరువి మరి.”

జిగురు పూసి, ప్రెస్సులో బిగించి, ఐదింటికి బయటికి తీశారు. గ్రంథపాలకురాలు ‘బూడిద కోట’ తెరిచింది. బావి దగ్గర ఆగింది. నిలబడ్డచోటే ఆ అధ్యాయం చదివింది. బైండరమ్మ చేతికంటిన జిగురు గిల్లుకుంటూ నిలబడింది.

“సరిగ్గా కుదిరింది. వచ్చే నెలవీ ఇక్కడికే పంపిస్తాను.”

మేనకోడలు ఊపిరి వదిలింది. గ్రంథపాలకురాలు గడప దాటుతుంటే బైండరమ్మ అడిగింది.

“కోట నాలుగో భాగం చిరిగిందా అమ్మా?”

“లేదే, గట్టిగానే ఉంది.”

“అయినా పంపించండి.”