జామ్ బండి కేక

"ఉల్లిగడ్డా... కొత్త ఉల్లిగడ్డా..." అని మైకులోకి సాగదీసి పలికి, రికార్డింగు ఆపి విన్నది గీతాంజలి. మాటల వెనక ఎప్పటిలాగే సన్నగా గుయ్యిమనే మోత. ఆ ఇంట్లో ల్యాప్‌టాప్‌కు చార్జరు పెడితే అది తప్పదు. ఉల్లిగడ్డల బండికి ఫరవాలేదు, వీధి రొదలో కలిసిపోతుంది. ఇవాళ వచ్చేది మాత్రం నజీర్ చాచా. ఆమె చార్జరు పీకి పక్కన పెట్టింది.

గౌలిపురాలో ఆ వీధి గదిని ఆనుకునే అత్తగారి గేదెల కొట్టం. కిటికీకి బొంత, తలుపుకు ఇంకో బొంత. ఆడపిల్లకు అంత గొంతేమిటని చిన్నప్పుడు తిట్లు తిన్న గీతాంజలి, ఇప్పుడు ఆ గొంతుతోనే తోపుడుబండ్ల వాళ్లకు కేకలు రికార్డు చేసి ఇస్తుంది. మొన్న లాడ్ బజార్‌లో గాజులు బేరం చేస్తుంటే పక్క నుంచి ఆమె కేకే వేసుకుంటూ ఉల్లిగడ్డల బండి పోయింది. "ఈమె ఒకతి, దినాం చెవులు తింటది," అని దుకాణదారు విసుక్కున్నాడు. "అవు భాయ్, మస్తు లొల్లి," అని గీతాంజలి గాజులు తీసుకుని వచ్చేసింది.

నజీర్ గుమ్మంలో చెప్పులు విడిచాడు. మెడకు మఫ్లరు. గీతాంజలి ఆ ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచీ ఆ వీధిలో జామపండ్ల బండి ఆయనదే. ఇప్పుడు ఆయన గొంతులో గడ్డ లేచింది. మధ్యాహ్నం ఆస్పత్రిలో చేరాలి, రేపు ఆపరేషను. ఆ తర్వాత మాట వస్తుందో రాదో డాక్టర్లు చెప్పలేదు. ఇకపై బండి తోసేది అల్లుడు షాహెద్.

"వాడు అరిస్తే వాని జేబుకు గూడ వినబడదు," అన్నాడు నజీర్. "నా కేక ఉంటేనే జనం బయటికొస్తరు బేటీ."

కూర్చోబెడితే ఆయనకు కేక రాలేదు. "చేతుల బండి లేకుంటే ఎట్లొస్తది?" అని నొచ్చుకున్నాడు. గీతాంజలి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, చప్పుడు కాకుండా కాళ్ల కింద పాత చీర పరిచి ఆయన ముందు పెట్టింది. కుర్చీ వీపు పట్టుకోగానే నజీర్ నడుము దానంతటదే ముందుకు వంగింది. కేక వేశాడు.

వెనక్కి తిప్పి వింటే గుయ్యిమనే మోత లేదు. దాని బదులు ప్రతి మాటలో పేలాలు వేగుతున్నట్టు చిటపట.

నజీర్ మఫ్లరు బిగించుకున్నాడు. "అయిపాయె. గొంతు పగిలింది. వస్త బేటీ."

"గొంతు కాదు చాచా, మిషన్."

"నా మనసు కోసం చెప్పకు."

గీతాంజలి వాదించలేదు. మైకు తన వైపు తిప్పుకుని "ఉల్లిగడ్డా" అని, అది వినిపించింది. అదే చిటపట.

"మరి నాకు గూడ గడ్డ లేసిందా?"

నజీర్ మఫ్లరు వదులు చేసుకుని మళ్లీ కుర్చీ పట్టుకున్నాడు.

ఆమె వైరు మార్చింది. పోలేదు. మైకును వేరే రంధ్రంలో గుచ్చింది. పోలేదు. అప్పుడు నేల మీద చుట్టుకుని పడి ఉన్న చార్జరు కనబడింది. అది తీసేస్తే ఆ పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ దాచుకోవడానికి మందకొడిగా పనిచేస్తుంది. గొంతు శుభ్రంగా రావాలని తను చేసిన పనే ఇది. మళ్లీ పెడితే గుయ్యిమనే మోత వస్తుంది. ఆయన కేక వెనక ఆ మోత ఉండటం ఆమెకు ఇష్టం లేదు. సెట్టింగుల్లోకి వెళ్లి, శబ్దాన్ని ఒక్కో విడతకు ఎంత పట్టి ఉంచాలో చెప్పే బఫర్ అంకె చూసింది. అది తను మరీ చిన్నది పెట్టుకుంది. మందకొడి చేతికి చిన్న చెంబిచ్చి పాలు పితకమన్నట్టుంది. నిండింది నిండినట్టు ఒంపలేక చిందిపోతోంది. అంకె పెంచింది.

చిటపట పోయింది. కానీ ఈసారి నజీర్ సగంలో తడబడ్డాడు. అంకె పెరిగినందుకు, చెవులకు పెట్టిన హెడ్‌ఫోన్లలో ఆయన మాట ఆయనకే ఆలస్యంగా చేరుతోంది.

"ఎవడో నా ఎనక నిలబడి ఎక్కిరిస్తుండు."

గీతాంజలి ఆయన చెవుల మీది నుంచి వాటిని తీసేసింది. "నీ కేక నీకెందుకు చాచా? వీధికి గదా."

నజీర్ నవ్వాడు. కుర్చీని ముందుకు తోస్తూ తల ఎత్తాడు. "జామ్... మీఠే జామ్... ఉప్పుకారం పెట్టిన జామ్..." ఆయన ఒక్కో అడుగు ముందుకు వస్తుంటే గీతాంజలి మైకు పట్టుకుని ఒక్కో అడుగు వెనక్కి నడిచింది. వీపుకు తలుపు బొంత తగిలేదాకా నడిచింది.

బొంత పక్కకు తీసి, స్పీకరు గుమ్మంలో పెట్టి, గట్టిగా వినిపించింది. కొంచెం జీర ఉంది, అది ఆయనదే. ఇంకేమీ లేదు.

కొట్టం వైపు నుంచి అత్త ఎల్లమ్మ, పేడ చేతులు కడుక్కుని, స్టీలు గిన్నెతో వచ్చేసింది. "నజీరూ, దోరవి పెట్టు. మొన్నటివి మెత్తగున్నయ్." వీధి అటూ ఇటూ చూసింది. "ఏందిది, బండేది?"

నజీర్ చప్పుడు లేకుండా ఊగి ఊగి నవ్వాడు. మఫ్లరు కొసతో కళ్లు తుడుచుకుని, "ఎల్లుండి సంది షాహెద్ తెస్తడక్కా, దోరవే," అన్నాడు. గీతాంజలి ఆ కేక ఎక్కించి ఇచ్చిన పెన్‌డ్రైవ్‌ను చొక్కా జేబులో వేసుకుని, పైనుంచి అరచేత్తో ఒకసారి నొక్కి చూసుకున్నాడు.

వీధి మొదట్లో షాహెద్ ఆటో హారను కొట్టాడు. నజీర్ చెప్పులు వేసుకుని, చేయి ఎత్తి వెళ్లాడు.

గీతాంజలి ఉల్లిగడ్డ మళ్లీ చెప్పడానికి మైకు సర్దుకుంది. గోడ వారన ఉండాల్సిన కుర్చీ, కాళ్ల కింద పాత చీర కుచ్చిళ్లు పడి, గుమ్మం దాకా వచ్చి వీధి వైపు తిరిగి నిలబడి ఉంది.