చివరి ట్రాలీ

ట్రాలీ పిడికి కట్టిన తువ్వాల ఉచ్చుల్లో రెండు ముంజేతులూ దూర్చి, బిక్షం ట్రాలీల వరుసను నెట్టాడు. అతని వేళ్లు పిడిని పట్టడం మానేసి ఏళ్లయింది. వంకర తిరిగిన ఆ వేళ్లను అందరూ చూసేశారు. వాటిని దాచే పని లేదు. దాచేది దగ్గును.

శంషాబాద్ విమానాశ్రయం పార్కింగ్‌లో చెదిరిన ట్రాలీలను ఏరి టెర్మినల్‌కు చేర్చడం అతని పని. వరుస మొత్తం ప్రయాణికులకు వదిలేసినా చివరి ట్రాలీని మాత్రం ఎవరికీ ఇవ్వడు. ఉచ్చులున్నది దానికే. అక్కడే ఊడ్చే భార్య అనంతమ్మ రోజూ పొద్దున్నే వాటిని ముడేస్తుంది. ఆ వేళ్లతో అతను ముడి వేయలేడు.

పోయిన నెల దగ్గాడని, తనతోపాటు ట్రాలీలు నెట్టే పాండును కాంట్రాక్టరు తీసేశాడు. టీబీ అన్నాడు. పరీక్షా లేదు, పాడూ లేదు. మనిషి దగ్గితే వెళ్లగొట్టడమే వాళ్లకు తెలిసిన వైద్యం. అప్పటి నుంచి బిక్షానికి తన ఛాతీ అంటేనే భయం. ఊపిరి తీస్తే లోపల ఎవరో ఎండుటాకులు తొక్కుతున్నట్టుంటుంది. దగ్గొస్తే విమానం లేచేదాకా ఓర్చుకుంటాడు. ఆ మోతలో దగ్గేస్తాడు.

కీళ్ల డాక్టరుకు ఆయాసం సంగతి చెప్పమని అనంతమ్మ ఈ పొద్దు కూడా పోరింది.

"కీళ్ల సారుకు దమ్ముతోటి ఏం పనే? ఆయన చీటీ మీద రాస్తడు, ఈ కాంట్రాక్టరోళ్లు చూస్తరు. ఇగ పాండు లెక్క ఇంట్ల కూసోవాలె."

కీళ్లను తినే రోగమే ఊపిరితిత్తులనూ తింటుందని అతనికెవరు చెప్పారు? దవాఖానకు పోయినప్పుడల్లా వేళ్లు నొక్కి చూశారు. ఛాతీ మీద గొట్టం పెట్టిన పాపాన పోలేదు.

మధ్యాహ్నం వరుసంతా ప్రయాణికులకు పోగా, మిగిలిన చివరి ట్రాలీతో ఎత్తు ఎక్కుతుంటే సగంలోనే గాలి అందలేదు. సూపర్‌వైజర్ వీరేందర్ ఎదురొచ్చాడు.

"ఏంది బిక్షమన్నా, ఎడ్లనమ్మినా కాడి ఇడువవా?" నవ్వబోయి ఆగాడు. "పెదాలు గట్ల నీలంగున్నయేంది?"

దగ్గు గొంతుదాకా వచ్చింది. బిక్షం మింగేశాడు.

"మోకాళ్లు, సారూ. జర కూసుంటే పోతది."

కూర్చోమని చెప్పి వీరేందర్ వెళ్లిపోయాడు. ఎవరి కంటా పడకుండా బిక్షం స్తంభం చాటుకు పోయి కూలబడ్డాడు. రెండు చేతులూ నోటికడ్డం పెట్టుకుని విమానం కోసం ఎదురుచూశాడు. ఈసారి అది చాలాసేపటికి గాని లేవలేదు. లేచాక, ఆ మోతలో అతను దగ్గాడో, భార్యను పిలిచాడో ఎవరికీ వినబడలేదు.

సద్ది గిన్నె పట్టుకుని వెతుక్కుంటూ వచ్చింది అనంతమ్మే. అప్పటికే బిక్షం చెయ్యి చల్లబడింది.

సాయంత్రం ఒకావిడ చేతికి దొరికిన ట్రాలీ లాక్కుని, సూట్‌కేసు పెట్టుకుని లోపలికి వెళ్లింది. దాని పిడికి రెండు తువ్వాల ఉచ్చులు, ముంజేతులు పట్టేంత ఖాళీతో ఊగుతున్నాయి.