సముద్రం పక్క కిటికీ

నా భార్య సూసన్న పోయింది. పోయే ముందు ఒక్కటే అడిగింది: "నన్ను సముద్రం పక్క మొగం పెట్టి పండబెట్టించండి." సరేనన్నాను. ఖరగ్‌పూర్‌లో సముద్రం ఎక్కడ ఏడిసిందని అప్పుడు తోచలేదు.

ఆమెది కళింగపట్నం. ఖరిదాలో ఈ ఇంటికి కాపురానికొచ్చిన నాటినుంచీ అదే గొప్ప. "మా కళింగపోళ్లు ఓడలేసుకుని జావా దాకా ఎల్లినారు. మీ రైలోళ్లు ఏటి ఎల్లినారు, హౌరా దాకానా?" అనేది. కార్తీకంలో ఈశాన్యపు గాలికి తెరచాపలెత్తి వెళ్ళడం, నైరుతి గాలి తిరిగేదాకా ఆడవాళ్ళు ఒడ్డున కాచుకోవడం, అంతా కళ్ళతో చూసినట్టే చెప్పేది. నేను గూడ్స్ గార్డుని. డ్యూటీకెళ్తే ఎప్పుడొస్తానో నాకే తెలీదు. ఆ కాచుకోవడం దగ్గరికి రాగానే కథ ఆపి నావంక చూసేది.

సమాధుల తోటలో గొయ్యి తవ్వే బెంగాలీ అతను, "ముఖ్ కోన్ దికే, కాకు?" అన్నాడు. మొహం ఎటని.

"సముద్రం పక్క" అని తెలుగులోనే అనేసి, తూర్పు చూపించాను.

మా మేడమీద అద్దెకుంటూ ఇంజినీరింగ్ చదివే రష్మిత వెంట వచ్చింది. ఫోనులో మ్యాపు తీసింది. "అంకుల్, ఇక్కడ సముద్రం దక్షిణాన. ఇదిగో, దీఘా. తూర్పుకి వెళ్తే బంగ్లాదేశ్ వస్తుంది."

చనిపోయిన మనిషికిచ్చిన మాట తప్పితే మళ్ళీ అడిగి దిద్దుకునే వీలుండదు. తవ్వేవాడు పార మీద చెయ్యివేసి నిలబడ్డాడు.

కళింగపట్నంలో సముద్రం తూర్పున ఉంది. అందుకే ఆమె నోట తూర్పన్న మాటే రాలేదు, తూర్పంటే సముద్రం పక్కే. ఇక్కడికొచ్చాకా అంతే. మా ఇంట్లో తూర్పున సందు వైపున్నది సముద్రం పక్క కిటికీ. నేను డ్యూటీ దిగి వచ్చేది ఆ సందులోంచే. ఎన్నిసార్లు వచ్చినా ఆ ఊచల వెనక ఆమె మొహం ఉండేది.

"పూబ్ దికే" అన్నాను. తూర్పుకే. రష్మిత నా మొహం చూసి ఫోను లోపల పెట్టుకుంది.

సాయంత్రం జల్లు మొదలైంది. కుర్చీలోంచి లేవకుండానే, ఎప్పట్లాగే, "సముద్రం పక్క కిటికీ ఏసెయ్యి, వానొస్తంది" అని కేకేశాను.

టీ తెచ్చిన రష్మిత గుమ్మంలో ఆగిపోయింది. "ఏ కిటికీ అంకుల్?"

ఆ మాట తెలిసిన మనిషి లోకంలో ఇక నేనొక్కణ్ణే. ఏడుపొచ్చింది. లేచి వెళ్ళాను గానీ కిటికీ మూయలేకపోయాను. వాన లోపలికి కొడుతూనే ఉంది. ఊచలు పట్టుకుని ఖాళీ సందు చూస్తూ నిలబడ్డాను.