స్వరూప బేరమాడని రోజు

నేను ఒక ఫ్లాస్కును. లీటరు పట్టే కడుపు, లోపల వెండిపూత పూసిన గాజుసీసా, పైన నీలం ప్లాస్టిక్ తొడుగు, తొడుగు మీద రెండు గులాబీలు. అందులో ఒక గులాబీ తోమి తోమి చెరిగిపోయింది. రెండోదాన్ని నేను గోడవైపు తిప్పుకుని కాపాడుకున్నానని చెప్పుకుంటాను గానీ, నన్ను అలా పెట్టింది స్వరూప.

నన్ను ఏ ఊళ్ళో తయారుచేశారో నాకు తెలియదు. గడ్డిలో చుట్టి అట్టపెట్టెలో పెట్టారు. కళ్ళు తెరిచేసరికి వరంగల్‌లో ఓ ఆసుపత్రి గేటు ఎదుట, బ్రెడ్డు ప్యాకెట్లకీ దుప్పట్లకీ మధ్య వేలాడుతున్నాను. మనుషులు గడియారాన్ని షోకుకి కొంటారు, కుక్కర్ని ముచ్చటపడి కొంటారు. ఫ్లాస్కుని మాత్రం ఇంట్లో ఎవరో మంచం పట్టినప్పుడే కొంటారు. అందుకే నాకు సంబరంగా కొన్న ముఖం ఒక్కటీ గుర్తులేదు.

మొదట నన్ను కొన్నది ఒక రైల్వే గుమస్తా. భార్యకు కాన్పయి కొడుకు పుట్టాడన్న ఆనందంలో ఆయన పాలడబ్బా, చెప్పులు, నన్నూ మంచం కిందే వదిలేసి వెళ్ళిపోయాడు. చెప్పుల కోసం తిరిగొచ్చాడు, నాకోసం రాలేదు. వార్డు ఆయా నర్సవ్వ నన్ను తీసుకుని ఏడాదిపాటు రోగుల బంధువులకు టీ అమ్మింది. తర్వాత ఆమెను ఎముకల వార్డుకు మార్చారు. అక్కడికే ఒకరోజు ఓదెలును మోసుకొచ్చారు. కరెంటు లైన్‌మన్. స్తంభం మీంచి జారి భుజం ఎముక విరగ్గొట్టుకున్నాడు. అతని భార్య స్వరూప, కాశిబుగ్గలో అంగన్‌వాడీ టీచర్, నర్సవ్వ దగ్గర టీ తాగుతూ నన్ను అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఎంతకిస్తవ్ అవ్వా?"

నర్సవ్వ చెప్పిన ధరకు స్వరూప నవ్వింది. బేరం మూడు రోజులు నడిచింది. నాలుగో రోజు డిశ్చార్జి. నర్సవ్వ విసిగిపోయి నన్ను ఇచ్చేసింది, పైన ఒక స్టీలు గ్లాసు కూడా ఇచ్చింది. ఓదెలు భుజానికి కట్టుతో, ఓర్వలేని నొప్పితో, అంతా చూస్తూ పడుకున్నాడు. అప్పటికి వాళ్ళ పెళ్ళయి పదేళ్ళు. అతనికి అలవాటే.

అక్కణ్ణించి నేను వాళ్ళ మనిషినయ్యాను. కూతురు మౌనిక పెళ్ళయి జమ్మికుంట వెళ్ళాక ఇంట్లో వాళ్ళిద్దరే. ఓదెలుకు షుగరు వచ్చాక చక్కెరలేని టీ నాలో పోసి డ్యూటీకి పంపేది. అలా ఇరవై ఏళ్ళు గడిచాయి. ఇప్పుడు చెప్పబోయేది పోయిన ఏడాది సంగతి.

పిల్లలతో నేలమీద కూర్చుని లేచీ లేచీ స్వరూప కుడి మోకాలు అరిగిపోయింది. మార్చాల్సిందేనని డాక్టరు చెప్పాడు. ఎక్స్‌రే ఫోటో దీపానికి ఎదురుగా పెట్టి వివరంగా చూపించాడు. నేను ఆమె సంచిలోంచి చూస్తూనే ఉన్నాను. ఆమె ఫోటో వంక చూడలేదు, తలుపు వంక చూసింది. ఓదెలు చిట్టీ ఎత్తి డబ్బు సిద్ధం చేశాడు. ఆమె మాత్రం ఒకసారి సెంటరుకు తనిఖీ ఉందంది, ఒకసారి ఆషాఢమంది, మూడోసారి వర్షాలు తగ్గనీ అంది. వర్షాలు తగ్గాయి.

సరిగ్గా అప్పుడే ఎగ్జిబిషన్‌లో ఓదెలు నింపిన కూపనుకు ఫోనొచ్చింది. డిన్నర్ సెట్టు తగిలిందట. భార్యాభర్తలు ఇద్దరూ కలిసి ఆదివారం పొద్దున హన్మకొండలో ఫలానా హోటలుకు రావాలి, రెండు గంటలు కూర్చుంటే చాలు. పెట్టె ఊరికే ఇస్తారు.

"ఊరికెనే ఎందుకిస్తరు?" అంది స్వరూప.

"పోతె తెలుస్తది గదా," అన్నాడు ఓదెలు.

బయటి టీలో చక్కెర ఉంటుందని నన్ను కూడా బయల్దేరదీశారు. హోటలు గుమ్మంలో కాపలాదారు బయటి తిండి, టీలు లోపలికి వద్దన్నాడు. స్వరూప ఒక చేత్తో మోకాలు, ఇంకో చేత్తో నన్నూ పట్టుకుని, "మందులేసుకునేదున్నది బిడ్డా," అంది. అబద్ధం కాదు. అతను పక్కకు తప్పుకున్నాడు.

లోపల చల్లగా ఉంది. గుండ్రటి బల్లలు, బల్లకొక జంట, జంటకొక అమ్మేవాడు. పాట హోరెత్తుతోంది. ఏ బల్ల దగ్గరైనా సంతకం పడితే హాలంతా చప్పట్లు కొడుతున్నారు. క్లబ్బు పేరు సప్తఋతు విహార్. ఋతువులు ఆరని స్వరూప బడిపిల్లలు కూడా పాట పాడతారు. ఏడోది ఈ కంపెనీ అమ్ముతుంది.

మా బల్లకు వచ్చినవాడి పేరు ప్రణీత్. టై బిగుతుగా ఉంది, నవ్వు అంతకంటే బిగుతుగా ఉంది.

"సర్, మీరిద్దరూ కలిసి చివరిసారి టూర్ ఎప్పుడెళ్ళారు?"

ఓదెలు చాలాసేపు ఆలోచించాడు. "మేడారం జాతరకు పోయినం."

"ఎక్సలెంట్ సర్! ఎలా ఎంజాయ్ చేశారు?"

"నాకు అక్కడ లైటింగ్ డ్యూటీ. ఈమె వేరే బస్సుల వచ్చింది. కలువలేదు."

ప్రణీత్ కంప్యూటరు తెరిచాడు. కొండలు, సముద్రాలు, మంచు. గది కొనడం కాదట, పాయింట్లు కొనడమట. ఏటా ఇన్ని పాయింట్లు మన పేర పడతాయి. వాటితో ఎక్కడి గదైనా, ఏ నెలైనా తీసుకోవచ్చు. రద్దీ రోజుల్ని ఎర్ర ఋతువంటారు, ఎక్కువ పాయింట్లు పోతాయి. వానరోజులు నీలం ఋతువు, తక్కువ పోతాయి. ఇరవై అయిదేళ్ళపాటు. కళ్ళు జిగేల్మనే ఒక జలపాతం దగ్గర బొమ్మ ఆపి, "ఇక్కడికి నూట నలభై మెట్లు మేడం, పైకెక్కితే స్వర్గమే," అన్నాడు. ధర చెప్పాడు. మూడున్నర లక్షలు.

నిజం ఒప్పుకుంటాను. నా గాజు గుండె కూడా ఒకసారి జిల్లుమంది. నేను చూసిన ఊళ్ళన్నీ వార్డు నంబర్లు, కరెంటు స్తంభాలే. ఆ మంచుకొండ మీద ఎవరైనా నా మూత తిప్పితే ఎలా ఉంటుందో అనుకున్నాను.

ఓదెలు భార్యవైపు చూశాడు, ఇక బేరం మొదలవుతుందని.

"మంచిగున్నది," అంది స్వరూప. "రాసుకోండ్రి."

ప్రణీత్ కూడా నమ్మలేదు. అతను ఆరు అభ్యంతరాలకు జవాబులు నేర్చుకుని వచ్చాడు, ఒక్కటీ ఖర్చుకాలేదు. ఒప్పంద కాగితాలు తేవడానికి పరిగెత్తాడు.

ఓదెలు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "ఏందే? కొత్తిమీర కట్టకు అర్ధగంట కొట్లాడే మనిషివి. మూడున్నర లక్షలంటె గట్ల తలకాయ ఊపుతానవ్?"

"ఎన్నడన్న ఎటన్న పోవద్దా మనం?"

"పైసలేడియి?"

"చిట్టీ పైసలున్నయి గదా."

ఓదెలు చెయ్యి నా మూతమీదే ఆగిపోయింది. "అవి నీ మోకాలువి."

"మోకాలెటు పోతది? ఈడనే ఉంటది. తర్వాత చూసుకుందాం."

ఓదెలు ఆమె ముఖం చూస్తూ కూర్చున్నాడు. ఆ మౌనాన్ని ఆవలి బల్ల నుంచి మేనేజరు సుచరిత మేడం గమనించింది. ఇలాంటి మౌనాలు ఆమె చాలా చూసింది. కస్టమరు గట్టివాడనుకుని వచ్చి, "సర్, మీకోసం స్పెషల్‌గా ముప్పై వేలు తగ్గిస్తున్నాం," అని చెప్పి వెళ్ళింది.

"నీకు ఆపరేషనంటె భయమా?" అన్నాడు ఓదెలు, మెల్లగా.

"నాకేం భయం?"

"మరి?"

స్వరూప నా మూతలోకి టీ వంచుకుంది. తాగలేదు. "మా చిన్నొదినెకు కడుపుల రాళ్ళు తీసినప్పుడు నేను దగ్గరున్న గదా. మత్తు దిగుతాంటె ఏం మాట్లాడింది? నేనెంత పిసినారిదాన్నో, ఆమె పెండ్లికి నేను పెట్టిన చీర ఎట్లాంటిదో, వార్డంత విన్నది. నేను యాపిల్ కోసుకుంట పక్కనే కూసున్న."

ఆ రోజు నేనూ ఆ వార్డులోనే ఉన్నాను. చీర గురించి వదిన చెప్పినదాంట్లో అతిశయోక్తి లేదు.

"అయితేంది?"

"అయితే ఏందా? నీ మీద ముప్పై ఏండ్లది ఉన్నది నా కడుపుల. మత్తుల మొత్తం బయటపడ్తె?"

ఓదెలు గట్టిగా నవ్వాడు. చుట్టూ జంటలు తిరిగి చూశాయి. కాగితాలతో వచ్చిన ప్రణీత్, నవ్వుతున్నారు గనక అయిపోయిందనుకుని, పెన్ను మూత తీసి బల్లమీద పెట్టాడు. ఎవరూ తీసుకోకపోయేసరికి వెళ్ళి మేడాన్ని పిలుచుకొచ్చాడు. ఇంకో రెండు రాత్రులు ఉచితం, ఏర్‌పోర్టు నుంచి కారు కూడా ఉచితం.

స్వరూప నవ్వలేదు. మేడం వెళ్ళాక, మునివేళ్ళతో నా గులాబీని గీకుతూ అంది. "లేవకపోతె ఏం జేస్తవయ్యా? గా ఆపరేషన్ బల్లమీద పండుకుని లేవకపోతె? లేచినా నడువకపోతె? పిల్లలు నన్ను చూడడానికొస్తరు, నేను మంచంల ఉంట."

ఓదెలు నవ్వు ఆగిపోయింది. కాసేపు బల్లగుడ్డ అంచు మడతపెట్టాడు, విప్పాడు.

"నాకు దినాం భయమే," అన్నాడు.

"నీకా? దేనికి?"

"పోలెక్కాలంటె. పడ్డకాణ్ణుంచి. సప్లై బందయిందా అని సబ్‌స్టేషన్‌కు మూడుసార్లు ఫోన్ చేస్త. ఆపరేటరు తిడ్తడు. ఎక్కినంక కాళ్ళు వణుకుతయి. కిందున్నోళ్ళకు కనవడకుండ పోలుకు గట్టిగ అంటుకుంట."

"ఇరవై ఏండ్ల సంది?"

"ఇరవై ఏండ్ల సంది."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తె నువ్వు ఎక్కనియ్యవు గదా."

రోజూ నన్ను స్తంభం మొదట్లో పెట్టి ఎక్కేవాడు. దిగి రాగానే టీ వంచుకుంటుంటే మూత నా అంచుకు టకటకా తగిలేది. అది చలికి అనుకున్నాను. ఎండాకాలంలో కూడా చలే అనుకున్నాను. మా జాతికి వేడి గురించి తెలిసినంత మనుషుల గురించి తెలియదు.

స్వరూప అతని చేతిమీద చెయ్యి వేసింది. బహిరంగంగా ఆమె ఆ పని చెయ్యడం అంతకు ముందెప్పుడూ నేను చూడలేదు. "నేను లోపలున్నంతసేపు నువ్వు బయటనే ఉండాలె. టీ అని, ఫోనని పోవద్దు."

"టీ దీంట్లనే తెచ్చుకుంట," అన్నాడు ఓదెలు.

సరిగ్గా అప్పుడు సుచరిత మేడం చెమట తుడుచుకుంటూ మళ్ళీ వచ్చింది. "సర్, ఇది మా హెడ్డాఫీసును అడిగి తెచ్చిన ఆఖరి మాట. రెండు లక్షల నలభై. నా సర్వీసులో ఇంత గట్టి బేరం చూడలేదు."

"మేడం, మేం బేరమాడుతలేం," అన్నాడు ఓదెలు. "మేం మా ముచ్చట మాట్లాడుకుంటానం."

మేడం అది కూడా ఎత్తే అనుకున్నట్టుంది, ఇంకో పది వేలు తగ్గించింది.

అప్పుడు స్వరూప ప్రణీత్ వైపు తిరిగింది. గొంతు మారింది. గుడ్ల లెక్క అడిగే అంగన్‌వాడీ టీచరు గొంతు. "నాయినా, నాకు సెలవులు మే నెలల్నే. మేల కొండమీద గదికి ఎన్ని పాయింట్లు వోతయి?"

"అది ఎర్ర ఋతువు మేడం..." ప్రణీత్ నొక్కి నొక్కి చూశాడు. "మీ ఏడాది పాయింట్లతో... మూడు రాత్రులు."

"ఏడాదంత ఆగితె మూడు రాత్రులా? అవిగూడ దొరుకుతయని రాసిస్తవా?"

"ముందుగా బుక్ చేసుకుంటే, ఖాళీ ఉంటే..."

"ఏటేట కట్టేది వేరే ఉంటదా?"

"చిన్న మెయింటెనెన్స్ ఉంటుంది మేడం. అదీ ఏడాదికేడాది కొంచెం..."

"పెరుగుతదా?"

ప్రణీత్ టై సర్దుకున్నాడు. ఓదెలు కుర్చీలో వెనక్కి వాలి, పండగపూట పిండివంట వాసన వచ్చినవాడిలా హాయిగా కళ్ళు సగం మూశాడు. అతని భార్య తిరిగొచ్చింది.

"ఇరవై అయిదేండ్లంటె నాకు డెబ్బై తొమ్మిది. గప్పుడు నీ నూట నలభై మెట్లు ఎవరెక్కుతరు బిడ్డా, నువ్వు ఎత్తుకపోతవా?" కాగితాలు మెల్లగా అతనివైపు జరిపింది. "మాకొద్దు. డిన్నర్ సెట్టు తెప్పియ్యి."

డిన్నర్ సెట్టు కొరియర్లో ఇంటికొస్తుందని మేడం చెప్పింది. గొంతులో ఇంతకు ముందున్న తేనె ఒక్క చుక్క కూడా లేదు.

"పర్వాలేదు, వచ్చిందాక ఈడనే కూసుంట," అంది స్వరూప. "నాకు మోకాళ్ళ నొప్పి, తొందరగ లేవరాదు." అని నాలో మిగిలిన టీ ఇద్దరికీ సమంగా వంచింది. బల్ల కోసం తర్వాతి జంట గుమ్మంలో నిలబడి ఉంది. ఐదు నిమిషాల్లో పెట్టె వచ్చింది. అందులో ఆరు పళ్ళేలు, అయిదు గిన్నెలు. ఆరో గిన్నె కోసం ఇంకో పది నిమిషాలు కూర్చున్నాం.

దసరా వెళ్ళిన పదో రోజు ఆపరేషన్ అయింది. ఓదెలు తలుపు ముందు నుంచి కదల్లేదు, నన్ను ఒళ్ళో పెట్టుకున్నాడు గానీ మూత తియ్యలేదు. టీ నాలోనే చల్లారింది. ఫ్లాస్కుకు అది అవమానం, అయినా ఊరుకున్నాను. నర్సు బయటికి రాగానే లేచి నిలబడ్డాడు. అంతా బాగుందని ఆమె చెప్పింది.

"మత్తుల ఏమన్న మాట్లాడిందా సిస్టర్?"

నర్సు నవ్వింది. "రెండో మోకాలు కూడా మీ దగ్గరే చేయిస్తే ఎంత తగ్గిస్తారని డాక్టరుగారిని అడిగారు. మీ గురించి కూడా చెప్పారు."

"ఏం చెప్పింది?"

"అది ఆమెనే అడగండి," అని వెళ్ళిపోయింది. ఓదెలు ఇంతవరకూ అడగలేదు.

ఇంటికొచ్చాక వ్యాయామాలు నేర్పడానికి ఒక అమ్మాయి వచ్చేది. నాలుగు కాళ్ళ వాకరు పట్టుకుని వాకిలి దాకా, తర్వాత గేటు దాకా. స్వరూప ఆమెను తిట్టేది, తర్వాత ఆమెకు ఉప్మా పెట్టేది. ఇరవై రెండో రోజు సాయంత్రం ఆ అమ్మాయి వాకరును గోడకు ఆనించి, "ఇవాళ ఒట్టి చేతులతో," అంది. ఓదెలు అప్పుడే ఆ అమ్మాయికి టీ ఇద్దామని నన్ను పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు.

స్వరూప గేటు దాటింది. ఒక అడుగు. ఇంకొకటి. మూడో అడుగుకు పక్కకు తూలింది. ఓదెలు రెండు చేతులూ చాచి ముందుకు ఉరికాడు. ఆ రెండు చేతుల్లో నేనున్నానన్న సంగతి అతనికి గుర్తులేదు.

నా లోపల గాజు పగిలిన చప్పుడు పెద్దదే. పక్కింటి కుక్క లేచి మొరిగింది. వేడి టీ గచ్చుమీద పారి అతని కాళ్ళకింద చేరింది. ఓదెలు కిందికి చూడలేదు. స్వరూప అప్పటికే తనంతట తానే నిలదొక్కుకుంది. చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో పైకి పట్టుకుని గల్లీ మలుపు దాకా నడిచింది. అక్కడ ఆగి వెనక్కి వస్తుందనుకున్నాం అందరం. ఆమె మలుపు తిరిగి కనబడకుండా పోయింది. ఓదెలు తడి కాళ్ళతో, చెప్పుల్లేకుండా, వెనకాలే పరుగెత్తాడు.