ఎవరికీ అక్కర్లేని హత్యలు

‘దువ్వెన’ సినిమా వచ్చేదాకా ఆవిడ బతుకంతా అమ్మ వేషాల్లోనే గడిచింది. హీరోకి తల్లి, విలన్‌కి తల్లి, ఒకటి రెండుసార్లు హీరోకీ విలన్‌కీ కలిపి ఒకే తల్లి. గుమ్మంలో నిలబడి ఎదురుచూడటం, మంచం మీద దగ్గడం, ఇంటర్వెల్ లోపే కన్నుమూయడం. ఈ మూడూ నిద్రలో లేపి చెయ్యమన్నా చేసేది. పోస్టర్ మీద ఆవిడ మొహం ఎన్నడూ పడలేదు. పడాలని ఆవిడా అడగలేదు.

‘దువ్వెన’లో కూడా మొదట ఇచ్చింది అమ్మ వేషమే. దయ్యం వేషానికి పెట్టుకున్న అమ్మాయికి మొహానికి రాసిన రంగు పడక ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. షూటింగు ఆపడం ఇష్టంలేక, తన సీను అయిపోయి కుర్చీలో కునికిపాట్లు పడుతున్న ఈవిడని లేపి, జుట్టు విరబోసి, చేతిలో చెక్క దువ్వెన పెట్టారు. నిద్రపోతున్నవాళ్ల తల దగ్గర కూర్చుని మెల్లిగా దువ్వాలి, అంతే. తెల్లారేసరికి వాళ్లు లేవరు. ఆవిడ పెద్దగా నటించలేదు. చంటిపిల్లకి చిక్కు తీస్తున్నట్టు ఓపిగ్గా దువ్వింది. థియేటర్లలో జనం తలలు పట్టుకుని కూర్చున్నారు. పిల్లలు ఆవిడకి ‘దువ్వెనత్త’ అని పేరు పెట్టేశారు.

ఆ సినిమాలో హీరో ఒకాయన ఉన్నాడు. పెద్ద హీరో. రెండు గంటలపాటు పరిగెత్తి, చివర్లో దయ్యాన్ని తగలబెట్టి లోకాన్ని కాపాడాడు. సినిమా ఆడుతున్న రోజుల్లో ఒక బట్టల షాపు తెరవడానికి వెళ్తే, అక్కడ చేరిన జనం ఆయన చుట్టూ వెతికి, “అత్త రాలేదా?” అని అడిగారట. ఆయన నవ్వుతూనే రిబ్బను కత్తిరించాడు గానీ ఆ మాట మాత్రం లోపల ఎక్కడో దిగబడిపోయింది.

రెండో భాగం తీస్తున్నారని పేపర్లో పడ్డ రోజున అక్క కేకేసి చెప్పింది. ఆవిడకి పెళ్లి కాలేదు, అక్కకీ కాలేదు. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒక మేడమీది వాటాలో ఉంటారు. అక్క ఏదో ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటరుగా చేసి రిటైరైంది. ఎవరి మాటైనా సగంలో తెంపెయ్యడం ఆమెకి ఉద్యోగంతో వచ్చిన గుణం. ఈసారి నీ మొహం పోస్టర్ మీద వెయ్యకపోతే ఒప్పుకోవద్దని చెల్లెలికి గట్టిగా చెప్పి పంపింది.

నిర్మాత ఆఫీసులో సోఫా కూర్చున్నవాళ్లని సగం మింగేది. ఏసీ కింద ప్లాస్టిక్ బకెట్ పెట్టి ఉంది. నిర్మాత ఆవిడకి టీ తెప్పించి, ఇది మామూలు రెండో భాగం కాదని నచ్చజెప్పాడు. దీనికీ ఆ సినిమాకీ ఏ సంబంధమూ ఉండదట. ఇల్లు వేరు, కథ వేరు, దయ్యం వేరు. దువ్వెన కూడా ఉండదు.

“మరి దువ్వెన అని పేరెందుకండీ?” అంది ఆవిడ.

“రెండో భాగం కదమ్మా,” అన్నాడు నిర్మాత, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు.

విషయం ఏమిటంటే, ఈసారి దయ్యం వేషం పెద్ద హీరోయే వేస్తానన్నాడు. దయ్యాన్ని ఎదిరించే హీరో వేషం నిర్మాతగారి అల్లుడిది. అల్లుడికి ఇదే మొదటి సినిమా. అంతకుముందు అద్దం ముందు తప్ప ఎక్కడా నటించలేదు. ఆ అల్లుడి తల్లిగా ఈవిడ ఉంటుంది. సినిమా మొదలైన కాసేపటికే దయ్యం చేతిలో చస్తుంది. రెండు రోజుల పని.

అక్క విని, వెళ్లకు అంది. ఆవిడ మాత్రం రాత్రల్లా ఆలోచించి, ఇంట్లో కూర్చుని చేసేదేముంది, చావడం మనకి కొత్తా ఏమిటి అని మర్నాడు ఒప్పేసుకుంది.

షూటింగు ఊరి చివర ఒక పాత బంగళాలో. మొదటి రోజే పేచీ వచ్చింది. దయ్యం తల్లి గొంతు పట్టుకోవాలి. పెద్ద హీరో చెయ్యి చాపాడు, ఆగాడు, దర్శకుణ్ణి పక్కకి పిలిచాడు. తన అభిమానుల్లో సగం మంది ఆడవాళ్లని, ఒక తల్లి పీక తను పిసికితే వాళ్లు మళ్లీ తన మొహం చూడరని చెప్పాడు. దర్శకుడు కుర్రవాడు, మెత్తనివాడు. అయితే దయ్యాన్ని చూసి భయంతో మెట్ల మీంచి పడిపోయిందని పెడదాం అన్నాడు. తనని చూసి ఒక తల్లి భయపడటం కూడా బాగుండదని పెద్ద హీరో అన్నాడు. దాంతో తల్లి చావు వాయిదా పడింది. ఆవిడకి మూడో రోజు కూడా రమ్మని కబురొచ్చింది.

తర్వాత వాచ్‌మన్ చావాలి. దయ్యం వాణ్ణి భూమి కింది గదిలోకి ఈడ్చుకుపోవాలి. వాచ్‌మన్ పేదవాడు, పేదవాణ్ణి తను చంపడమేమిటని పెద్ద హీరో మళ్లీ అడ్డం తిరిగాడు. పోనీ వాడు లోపల ఉన్నాడని తెలియక హీరో తలుపు గడియ వేశాడని పెడదామని రచయిత అన్నాడు. అల్లుడు మామగారికి ఫోన్ చేశాడు. మొదటి సినిమాలోనే మా అల్లుడి చేత మనిషిని చంపిస్తారా అని మామగారు ఫోన్లోనే గుక్క తిప్పుకోకుండా అరిచాడు. ఆ పూట భోజనాల దగ్గర రచయిత, దర్శకుడు తలలు పట్టుకుని కూర్చుంటే, కాస్త దూరంలో ఈవిడ చెయ్యి కడుక్కుంటూ కనిపించింది. ఇద్దరూ ఒకేసారి ఆవిడ వంక చూశారు.

సాయంత్రానికి గడియ ఆవిడ వేసింది. తెలియక కాదు. లోపల వాచ్‌మన్ తలుపు బాదుతుంటే బయట కూర్చుని చీర మడత పెట్టుకుంటుంది. మడత పెట్టడం ఆవిడ సొంతంగా చేసింది. కెమెరామన్ ఒకసారి మెడ తడుముకుని, బాగుంది అన్నాడు.

అక్కడినుంచి ఇక పాపాలన్నీ ఒకే దారి పట్టాయి. దయ్యానికి ఒక గతం కావాలి. ఒకప్పుడు అతన్ని ఎవరో అన్యాయంగా చంపి ఉండాలి. ముందు రాసుకున్నదాంట్లో హీరో తాతగారు చంపాడు. అల్లుడు ఒప్పుకోలేదు. తన వంశంలో హంతకులు ఉండకూడదు. తాతే కాదు, తండ్రి, బాబాయి ఎవరూ పనికిరారు. మరి ఇంట్లో ఇంకెవరున్నారయ్యా అని దర్శకుడు నీరసంగా అడిగాడు. అమ్మ ఉంది కదా, అమ్మంటే బయటినుంచి వచ్చిన మనిషే కదా అన్నాడు అల్లుడు. ఇందులో తప్పేమైనా ఉందన్న అనుమానం కూడా అతని మొహంలో లేదు.

ఆ తర్వాత దయ్యం ఓడిపోకూడదన్నారు, హీరో భయపడకూడదన్నారు. అల్లుడు దయ్యం ఎదురైతే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. దయ్యం మొహానికి రంగు వద్దంది, జుట్టు చెరగకూడదంది, తెల్ల బట్టల్లో పెళ్లికి వచ్చినవాడిలా తయారైంది. ఇద్దరూ ఒకరినొకరు గౌరవంగా చూసుకుంటూ పోతుంటే కథ ముందుకు కదలక, చివరికి ఇద్దరూ అన్నదమ్ములని తేల్చారు. చచ్చిన అన్న, బతికున్న తమ్ముడు. ఇప్పుడు అన్నని చంపింది అమ్మ. అసలు చూస్తే పెద్ద హీరో ఈవిడకంటే రెండేళ్లు పెద్ద. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు.

సొంత కొడుకునే చంపిందంటే జనం ఊరుకోరేమో, సవతి తల్లిని చేద్దామని రచయిత అన్నప్పుడు మాత్రం ఆవిడ మొదటిసారి నోరు విప్పింది.

“సవతి తల్లి వద్దు బాబూ. సవతి తల్లి అనగానే జనం చంపుతుందిలే అని కాళ్లు చాపుకుని కూర్చుంటారు. కన్నతల్లే చెయ్యాలి.”

దర్శకుడు అలాగే ఉంచమన్నాడు. రెండు రోజుల పని కాస్తా నెల దాటింది. హీరోలిద్దరూ గమనించనే లేదు. పగలు కారవాన్లలో కూర్చుని తమకి అంటుకున్న మురికిని ఒక్కొక్కటే దులుపుకుంటూ, రేపటి సీన్లో తామెంత మంచివాళ్లుగా ఉంటారో చూసుకుని మురిసిపోయేవాళ్లు. దులిపిందంతా ఎక్కడ పడుతోందో చూసే తీరిక వాళ్లకి లేదు.

ఇంట్లో అక్కకి ఏ రోజుకారోజు చెప్పాలి. ఇవాళ ఎవర్ని చంపావే అని అక్క తలుపు తీస్తూనే అడిగేది. ఆఖరి సీను ముందు సాయంత్రం మాత్రం ఆవిడ దిగులుగా వచ్చింది. అన్నదమ్ములిద్దరూ తల్లిని నిలదీసే సీను అది. ఎందుకు చంపావమ్మా అని అడుగుతారు. ఎందుకో ఎవరూ రాయలేదు. రచయితని అడిగితే, అక్కడ బాగా ఏడ్చెయ్యండి, మాటలు తర్వాత డబ్బింగులో చూద్దాం అన్నాడట.

“ఆవిడ పేరేమిటి?” అంది అక్క.

“ఎవరి పేరు?”

“నువ్వు వేస్తున్నావే, ఆవిడ. పేరు తెలిస్తే కదా ఎలాంటి మనిషో తెలిసేది.”

కాగితాలు మొత్తం తిరగేశారు. ఎక్కడ చూసినా అమ్మ అనే ఉంది. ఇన్నేళ్లలో వేసిన తల్లులకి ఏం పేర్లుండేవో గుర్తుచేసుకుందామని ఇద్దరూ కూర్చున్నారు. కొడుకుల పేర్లు వచ్చాయి. ఒక సినిమాలో కుక్క పేరు కూడా వచ్చింది. తల్లి పేరు ఒక్కటీ రాలేదు. అక్క నవ్వింది. ఆవిడకి నవ్వు రాలేదు. లేచి వెళ్లి స్టవ్ కట్టేసింది.

మర్నాడు పొద్దున బంగళాలో పొడుగాటి భోజనాల బల్ల వేశారు. ఒక పక్క దయ్యం, ఒక పక్క తమ్ముడు. ఆవిడ వడ్డించాలి, వాళ్లు అడగాలి, ఆవిడ కూలబడి ఏడవాలి. కెమెరా తిరిగింది. పెద్ద హీరో గొంతు జీరబోయేలా చేసుకుని, ఎందుకు చంపావమ్మా అన్నాడు. అల్లుడు అదే మాట ఇంకొంచెం గట్టిగా అన్నాడు.

ఆవిడ ఏడవలేదు. వాళ్లడిగింది వినపడనట్టు ఒకరి పళ్లెంలో వడ్డించింది, రెండోవాడి పళ్లెంలో వడ్డించింది. పడిన మెతుకు తీసి పళ్లెం అంచున పెట్టింది. తర్వాత మామూలు గొంతుతో అడిగింది.

“నా పేరేమిటి?”

హీరోలిద్దరూ ఆమెని చూశారు. అది కాగితంలో లేదు. పెద్ద హీరో గుర్తుకు తెచ్చుకోబోయాడు, రాలేదు. అల్లుడు కెమెరా వెనక్కి కళ్లు తిప్పాడు. అక్కడ దర్శకుడికీ తెలియదు. రచయిత చేతిలో కాగితాలు గబగబా తిరగేస్తున్నాడు.

“ఒకే కడుపున పుట్టారు. ఇద్దర్లో ఒక్కరు చెప్పండి, వదిలేస్తాను.”

ఆవిడ తొందరపెట్టలేదు. ఒకడి భుజం మీద చెయ్యి వేసి వేచి ఉంది. ఇన్ని రోజులూ చేతులు కట్టుకుని నిలబడ్డ అల్లుడి పెదవి అదిరింది. దయ్యం నుదుటి మీద చెమట పట్టి, చెరగకూడదన్న జుట్టు నుదుటికి అంటుకుంది.

“పోనీలే,” అంది ఆవిడ. “తినండి.”

ఇద్దరూ తినలేదు. పళ్లేల వంక చూస్తూ ఉండిపోయారు. కట్ చెప్పడం దర్శకుడు మర్చిపోయాడు.

తర్వాత పెద్ద గొడవే జరిగింది. తను బెదిరినట్టు పడింది, మళ్లీ తియ్యాలన్నాడు పెద్ద హీరో. అల్లుడు మామగారికి ఫోన్ చేశాడు. మెత్తటి దర్శకుడు ఆ ఒక్కదానికి మాత్రం మొండికేశాడు. నిర్మాత వచ్చి ఆ సీను వేయించుకుని చూశాడు. చూస్తూ చూస్తూ లేచి బయటికి వెళ్లి, ఊళ్లో ఉన్న వాళ్లమ్మకి ఫోన్ చేసి, ఊరికే చేశానే అన్నాడట. లోపలికి వచ్చి, సీను ఉంటుంది అన్నాడు.

సినిమా విడుదలైంది. మొదటి ఆటకి ఆవిడా వెళ్లింది. పెద్ద హీరో అభిమానులు కాగితం ముక్కలు సంచులతో తెచ్చుకున్నారు. ఆయన దయ్యమై గాల్లో తేలుతూ వచ్చినప్పుడు చల్లారు, ఒక్కడూ భయపడలేదు. అల్లుడు చేతులు కట్టుకున్నప్పుడు వెనక వరుసలో ఎవరో ఆవులించారు. ఆవిడ గడియ వేసి చీర మడత పెట్టినప్పుడు మాత్రం హాలు సద్దుమణిగింది. భోజనాల బల్ల దగ్గరికి వచ్చేసరికి, ఆవిడ పక్క సీట్లో కూర్చున్న మీసాల మనిషి పెళ్లాం చెవిలో, మా అమ్మ పేరు నీకు గుర్తుంది కదా అని అడగడం ఆవిడ తన చెవులతో విన్నది. చీకట్లో కూర్చుని, బతుకులో మొదటిసారిగా ఆవిడ తన నటన చూసుకుని తనే కొంచెం జడిసింది. అది బాగానే ఉంది కూడా.

పత్రికలవాళ్లతో పెద్ద హీరో, తల్లి పాత్ర పైకి రావాలని తనే వెనక్కి తగ్గానని చెప్పాడు. అల్లుడూ అక్షరం పొల్లుపోకుండా అదే చెప్పాడు. మూడో భాగం ప్రకటించారు. అదీ దేనికీ సంబంధం లేనిదేనట. అందులో విలన్ వేషం తనకే కావాలని ఇద్దరూ నిర్మాత ఆఫీసులో సోఫాకి ఆ చివరొకరు, ఈ చివరొకరు మునిగి కూర్చున్నారని వినికిడి.

అక్కకి మాత్రం సినిమా ఆడాక కొత్తగా వేసిన పోస్టర్ మీద చెల్లెలి మొహం చూసి కడుపు నిండింది. కింద ఇంటి ఓనరు ఇదివరకు నీళ్ల మోటారు అనీ, మెట్ల మీద చెప్పులు అనీ తలుపు బాదేవాడు. ఇప్పుడు కిందనుంచే ఫోన్ చేసి, అమ్మగారు ఇంట్లో ఉన్నారా అని మెల్లిగా కనుక్కుంటున్నాడు. ఉంది అనీ అక్క చెప్పదు, లేదు అనీ చెప్పదు. పాత అలవాటు కొద్దీ, ఒక్క నిమిషం లైన్లో ఉండండి అని చెప్పి, ఫోన్ బల్ల మీద పెట్టేసి, తన పని తను చూసుకుంటుంది.