చక్రం దాకా చేరని బలం

రేణుక పొద్దున్నే షట్టర్ ఎత్తి, టీ తాగి, ఆ రోజు ఎవడు ఏ కోతలు కోస్తాడో వినడానికి సిద్ధపడి కూర్చునేది. విజయవాడ ఆటోనగర్‌లో ఆమెది చిన్న షెడ్డు. నేలలో రెండు ఇనప రోలర్లు, పక్కన ఒక కంప్యూటర్. కారు వెనక చక్రాల్ని రోలర్ల మీద పెట్టి, బెల్టులతో బిగించి, యాక్సిలేటర్ తొక్కితే చక్రం దగ్గర ఎన్ని హార్స్‌పవర్ ఉందో తెర మీద పడుతుంది. తర్వాత క్లచ్ తొక్కి చక్రాల్ని వాటంతట అవే ఆగనిస్తే, ఇంజిన్ నుంచి వచ్చే దారిలో ఎంత పోయిందో అదీ తేలుతుంది. వన్ టౌన్‌లో బట్టల కొట్టున్న నాన్న వెంకటప్పయ్య వద్దంటున్నా వినకుండా, డిప్లొమా కాగానే కోయంబత్తూరు నుంచి పాత రోలర్లు తెచ్చి బిగించుకుంది. ఇరవై నాలుగేళ్ళు వచ్చేసరికి ఆమెకి గట్టిగా తెలిసిన సంగతి ఒకటుంది. కార్లున్న మగవాళ్ళకి లెక్కలు రావు.

కంపెనీ వాడు నూట ముప్పై అన్నాడే, నీ మిషను నూట ఎనిమిది చూపిస్తుందేమిటని ప్రతివాడూ అడిగేవాడు. అది ఇంజిన్ దగ్గర లెక్క అనీ, గేర్‌బాక్సులో కొంత, షాఫ్టులో కొంత, బేరింగుల్లో కొంత పోతుందనీ ఆమె చెప్పేది. మిగిలింది నువ్వే నొక్కేశావన్నట్టు చూసేవాళ్ళు.

ఆ పోయింది ఎక్కడికి పోతుందో కృష్ణా జిల్లాలో తెలియనివాళ్ళు లేరు. బండి ఎవరిదైతే వాళ్ళింటి ఇల్లాలికి పోతుంది. అంబాసిడర్ల కాలంలో చల్లపల్లి వైపు ఆడవాళ్ళు బీరువాని ఒంటిచేత్తో జరిపి కింద ఊడ్చుకునేవాళ్ళు. వెంకటప్పయ్యది మోపెడ్ కాబట్టి రేణుక అమ్మ చౌడేశ్వరమ్మకి ఊరగాయ జాడీ మూత తేలిగ్గా వచ్చేంత బలమే అందేది, అది కూడా ఆయన కొట్టుకి వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ మాత్రమే. సంబంధాలు చూసేటప్పుడు పిల్లాడి బండేమిటని అడిగేది అందుకే. రేణుక తన తెర మీద, ఆ పోయిన అంకె పడే గడికి 'నష్టం' అని పేరు పెట్టుకుంది.

ఒకరోజు పామర్రు నుంచి బాబీ వచ్చాడు. అసలు పేరు రామకోటేశ్వరరావు, రొయ్యల మేత ఏజెన్సీ, నలభై దాటాయి. అయినా ఊరంతా బాబీ అంటుంది, ఆయనా పలుకుతాడు. నల్లటి పెద్ద బండి. అందులోంచి దిగడానికి మెట్టు కావాలి, దిగాక ఎవరైనా చూశారో లేదో చూసుకోవాలి. వెంట రత్తయ్య అని ఒక స్నేహితుడు. బాబీ నోరు తెరవకముందే అవునవుననడం అతని పని.

బాబీ గోడు ఇదీ. తోడల్లుడు కరెంటు కారు కొన్నాడు. బందరు రోడ్డు మీద ఉయ్యూరు దాటాక, చప్పుడైనా లేకుండా పక్కనుంచి వచ్చి, చెయ్యి ఊపి మరీ ముందుకెళ్ళిపోయాడు. ఆ కారులో దారిలో పోయేది దాదాపు ఏమీ ఉండదు, అందుకే పాపం తోడల్లుడి భార్య గ్యాస్ సిలిండర్ కూడా జరపలేకపోతోంది. అది బాబీకి పట్టలేదు. తన బండి ముందుండాలి, అంతే.

రేణుక బండిని రోలర్ల మీద తొక్కించింది. ఇంజిన్ నూట ముప్పై, చక్రం నూట ఎనిమిది. పోయింది ఇరవై రెండు. చిన్న ట్రాక్టరంత. షాఫ్టు జాయింటు అరిగింది, అలంకారానికి వేయించిన చక్రాలు బరువు, గేర్ ఆయిల్ మారిస్తే కొంత కలిసొస్తుంది. పది వెనక్కి తేవచ్చని తేల్చింది. పదంటే మాటలు కాదు, ఆటోనగర్‌లో ఎవరూ చేయలేదు. శనివారం తెమ్మంది. ఆ రాత్రి ఆనందంతో నిద్ర పట్టలేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది. సన్నగా, పొట్టిగా ఉంది, చేతిలో ఖాళీ నూనె డబ్బాల సంచి. స్టూలు చూపిస్తే, దానికి అడ్డంగా పడున్న లారీ గేర్‌బాక్సుని రెండు చేతుల్తో ఎత్తి గోడ పక్కన పెట్టి కూర్చుంది. దాన్ని అక్కడికి తేవడానికి నలుగురు చెమటలు కక్కారు. అంటే ఆ సమయానికి బాబీ ఎక్కడో బండి తోలుతున్నాడన్నమాట.

"పామర్రు బాబీ గారి భార్యనమ్మా. కనకలక్ష్మి అంటారు. బండిలో దారిలో పోయేదాన్ని ఆపేస్తావట?"

"అంతా ఆపలేమండీ. ఇరవై రెండులో పది వెనక్కి తేగలను."

"నాకు పన్నెండు మిగులుస్తావు."

రేణుక తెర వైపు చూసింది. ఆ గడిలో ఒక మనిషి ఉంటుందని తెలియక కాదు. ఎన్నడూ అటు నుంచి లెక్క వేయలేదు.

కనకలక్ష్మి తన సంగతి మామూలుగా చెప్పింది. పెరటి షెడ్డులో మామగారి నాటి రాతి గానుగ ఉంది. రెండు జతల ఎద్దుల్ని మార్చి మార్చి కట్టినా సరిగ్గా తిరిగేది కాదని వదిలేశారు. ఈ బండి కొన్నాక ఆవిడ తిప్పడం మొదలుపెట్టింది. నువ్వుల నూనె, వేరుశెనగ నూనె, వన్ టౌన్‌లో అడిగి మరీ కొంటున్నారు. పన్నెండుతో ఆ రోకలి కదలదు. గానుగ ఆగిన రోజున పీకించేసి, షెడ్డులో బండి పెట్టుకుంటానని బాబీ ముందే చెప్పేశాడు.

"బతిమాలడానికి రాలేదమ్మా" అంది లేస్తూ. "పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. ఆ ఇంట్లో నాదీ అని చెప్పుకోడానికి ఆ గానుగ ఒక్కటే ఉంది. నువ్వు లెక్కలు తెలిసినదానివి, ఇది కూడా వేసుకుంటావని చెప్పా."

మర్నాడు బాబీ, రత్తయ్య దిగారు. రేణుక రాత్రంతా ఆలోచించినా ఏదీ తేలలేదు. పని చెడగొట్టడం ఆమెకి చేతకాదు, చేతులు ఒప్పుకోవు. అలాగని చేస్తే గానుగ పోతుంది. గేర్ ఆయిల్ డబ్బా తెరిచి చూపించింది. కంపెనీ చెప్పిన రకమే, పల్చటిది.

రత్తయ్య వేలు ముంచి, రెండు వేళ్ళ మధ్య రుద్ది, ముఖం చిట్లించాడు. "ఇదేంటి బావా, నీళ్ళు పోస్తానంటుంది?"

"చూశావా పాపా" అన్నాడు బాబీ నవ్వుతూ. "మా తాత ట్రాక్టరుకి పోసేవాడు, తేనెలా జారేది. ఆయిల్ చిక్కగా ఉంటేనే గేరుకి బలం. నూట నలభై నంబరు పొయ్యి. చక్రాలు ఇంకో సైజు పెద్దవి వెయ్యి. సైలెన్సర్ మార్చు, సౌండు ఉయ్యూరులో వినపడాలి."

చిక్కటి ఆయిల్ గేర్లని పట్టి లాగుతుందండీ, పెద్ద చక్రం తిప్పడానికే సగం ఖర్చయిపోతుంది, సౌండు వల్ల బండి ఒక్క అడుగు కూడా ముందుకెళ్ళదు. ఇదంతా రేణుక నాలుక చివర ఉంది. ఎంతమందికి చెప్పలేదు, అంకెలు చూపించి ఎంతమందితో పోట్లాడలేదు? బాబీ పెట్టుకున్న నల్లకళ్ళద్దాల వంక చూసింది. ఒక్కసారే చెప్పింది, అదీ నెమ్మదిగా. "అలా చేస్తే చక్రం దగ్గర తగ్గుతుందండీ."

"నీకంటే ముందు పుట్టానమ్మా నేను."

"మీ ఇష్టం అండీ" అంది రేణుక.

ఏ కస్టమర్‌తోనూ ఆ మాట అనలేదు ఇంతవరకూ. ఎంత తేలిగ్గా ఉందో ఆ మాట. ఆయన చెప్పింది చెప్పినట్టు, ఒక్క నట్టు కూడా వదులు పోకుండా, శ్రద్ధగా చేసింది. చక్రం దగ్గర తొంభై. బాబీ తెర వైపు చూడలేదు. సైలెన్సర్ అరుస్తుంటే కళ్ళు మూసుకుని తల ఊపుతున్నాడు.

తోడల్లుడు ఈసారి కంకిపాడు కూడా రాకముందే దాటేశాడు. దాంతో బాబీ మళ్ళీ వచ్చాడు. ఆయిల్ ఇంకా చిక్కగా కావాలన్నాడు. రత్తయ్య చెప్పాడని అందులో గ్రీజు కలపమన్నాడు. డెబ్భై. ఇంకా పెద్ద చక్రాలు, ముందొక ఇనప బంపరు. యాభై. బండి నెమ్మదించిన కొద్దీ మరింత బలం పొయ్యాలన్నాడు. రేణుక ప్రతిసారీ తెర మీద చూపించి, ఒక్కసారి చెప్పి, మీ ఇష్టం అండీ అనేది. ఆ గడి పేరు మాత్రం 'కనకలక్ష్మి గారు' అని మార్చింది.

చివరికి ఒక ఆదివారం బాబీయే ఫోన్ చేశాడు. బండి వాకిట్లోంచి కదలడం లేదట, వచ్చి చూడమన్నాడు. రేణుక వెళ్ళింది. వాకిలంతా పొగ, చప్పుడు. బాబీ లోపల కూర్చుని తొక్కుతున్నాడు. బండి మొదటి గేరులో ఉంది, బ్రేకు తీసే ఉంది, ఇంజిన్ గొంతు చించుకుంటోంది, చక్రాలు మాత్రం రాళ్ళలా ఉన్నాయి. నూట ముప్పై, సున్నా. ఆమె వేసిన లెక్కల్లో ఇంత తేలికైనది లేదు.

తోడల్లుడు కూడా వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. తన కారు ఎప్పుడూ మూగదానిలా పోతుందనీ, ఇలాంటి సైలెన్సర్ దానికి పెట్టడం కుదురుతుందా అనీ రేణుకని పక్కకి పిలిచి అడిగాడు. ఆ మాట చెవిన పడి బాబీ ముఖం వెలిగిపోయింది.

"విన్నావా పాపా? కదలకపోతే కదలకపోయింది. వీడి కారుకి ఈ గొంతు ఉందా?"

షెడ్డులోంచి నువ్వుల వాసన ఇల్లంతా కమ్ముకుంది. రాతి గానుగ పక్కన కొత్తగా ఇంకో రెండు దిగాయి. మూడింటినీ ఒకే దూలానికి కట్టి, కొంగు బిగించి, వన్ టౌన్ వాళ్ళతో ఫోన్లో మాట్లాడుతూ కనకలక్ష్మి నడుస్తోంది. రేణుకని చూసి తల ఊపింది. భోజనాల వేళకి చెయ్యి కడుక్కుని, గిన్నెలో వేడన్నం, తెలగపిండి కూర కలుపుకుని వచ్చి కారు అద్దం దగ్గర నిలబడింది.

"దిగకండి. ఇక్కడే తినండి" అంది. "బాగుందండీ వినడానికి. ఇంకాసేపు రెయిజ్ చేస్తూ ఉండండి."

బాబీ తోడల్లుడి వైపు ఒకసారి చూసి, గిన్నె ఒళ్ళో పెట్టుకుని, నవ్వుతూ కాలు ఇంకా కిందికి నొక్కాడు.