పులి ముందు పెట్టిన మేక

తిప్పేష్ ఏడు నెలల తర్వాత గొర్రెల మందతో ఇల్లు చేరిన రోజున, ఆరేళ్ళ కూతురు జయంతి తలుపు చాటు నుంచి తొంగి చూసి తల్లిని ఒకే ఒక్క మాట అడిగింది.

"మా, ఆయప్ప మళ్ళా ఎప్పుడు పోతాడు?"

"ఆయప్ప ఏందే, నాయన" అని హేమావతి కూతురి నెత్తిన మొట్టికాయ వేసింది. మొట్టికాయలతో చుట్టరికాలు కుదురుతాయా? జయంతి నెత్తి రుద్దుకుంటూ అవ్వ మారెక్క కొంగు చాటుకు పోయింది. వాకిట్లో కాళ్ళు కడుక్కుంటున్న తిప్పేష్ ఆ మాట విన్నాడు. విననట్టుగా ఇంకో చెంబుడు నీళ్ళు పోసుకున్నాడు.

పిల్ల తప్పేమీ లేదు. ముదిగుబ్బ దాటి లోపలికి పోతే వచ్చే ఆ ఊళ్ళో మంద ఉన్న ప్రతి ఇంటి సంగతీ అంతే. మేత ఎండిపోగానే గొర్రెలను తోలుకుని కర్నూలు వైపు కాలువల కిందికి పోతారు. కోతలైన మళ్ళలో రోజుకొక చోట మంద నిలుపుతారు. ఎరువు రైతుకు, గింజలు కాపరికి. వానలు పడ్డాక తిరిగొస్తారు. పోయేటప్పుడు తిప్పేష్ "ఉగాదికి వచ్చేస్తాలేమ్మా" అని పిల్లకు మాటిచ్చాడు. ఉగాది నాడు జయంతి కొత్త గౌను వేసుకుని పొద్దు గూకేదాకా రోడ్డు పక్క రాతి మీదే కూర్చుంది. ఆయనగారు వచ్చింది ఆషాఢంలో.

వచ్చినా నిలిచే యోగం లేదు. ఈ ఏడు వాన మొహం చాటేసింది. దున్నిన చేలల్లో విత్తనం పడలేదు, గట్ల మీద గడ్డి లేవలేదు. "పదైదు దినాలు చూస్తాం బావా. అప్పటికీ వాన రాకుంటే మళ్ళా పోవల్సిందే" అని బామ్మర్ది ఓబులేష్ దారిలోనే తేల్చేశాడు. ఇద్దరి మందలూ ఎప్పుడూ కలిసే పోతాయి. అంటే తిప్పేష్ చేతిలో ఉన్నవి పదిహేను రోజులు. ఆ లోపల కూతురు తనకు దగ్గర కావాలి. కాకపోతే వచ్చేసారికి పిల్లకు ఏడేళ్ళు, ఆ పైసారికి ఎనిమిది.

గుత్తిలో కొన్న ప్లాస్టిక్ బొమ్మ ఇచ్చాడు. జయంతి తీసుకుని పక్కింటి పిల్లకిచ్చి వచ్చింది. బడి దాకా దిగబెడతానన్నాడు. "నాకి దావ తెలుసు" అంది. మూడు రోజులు ఇట్లాగే గడిచాయి. నాలుగో రోజు మారెక్కకు చూసి చూసి ఒళ్ళు మండింది.

"గొర్రెపిల్లకు పాలు తాపేదానికి గంటసేపు కూసుంటావు గదరా. బిడ్డ కాడ నిలబడే మాట్లాడతావు. కూసోని ఆడు ఆ పాపతో. మీ తాత చెక్కిన పులిమేక బండ ఊరికే పడుండాది."

అరుగు చివరి బండ మీద తిప్పేష్ తాత ఉలితో చెక్కిన గీతలున్నాయి. కొండ ఆకారంలో పైన మొన, మొన నుంచి కిందికి దిగే గీతలు, వాటిని అడ్డంగా కోసే గీతలు. గీతలు కలిసిన ప్రతిచోటా ఒక ఇల్లు. ఒకరికి మూడు పులులు, ఇంకొకరికి పదిహేను మేకలు. పులి పక్కనున్న మేక మీదుగా అవతలి ఖాళీ ఇంట్లోకి దూకితే ఆ మేక చచ్చినట్టు. పులులు మూడూ కదలకుండా మేకలు చుట్టూ మూసేస్తే పులులు ఓడినట్టు. ఆ ఇంట్లో పులులకు మూడు నల్ల గులకరాళ్ళు. మేకలకు మాత్రం బుడ్డలు, అంటే వేరుశనగ కాయలే. పులి మేకను తింటే పులి ఆడేవాళ్ళు ఆ కాయను నిజంగానే ఒలుచుకుని తినేయాలి. తిన్న మేక తిరిగి రాదన్నది తాత పెట్టిన చట్టం.

తిన్న మేకను నిజంగా తినొచ్చని అవ్వ చెప్పగానే జయంతి వచ్చి కూర్చుంది. తండ్రి కోసం కాదు, కాయల కోసం.

మొదటి ఆటలో తిప్పేష్ పులులు తీసుకున్నాడు. మూడు రోజులుగా ఎక్కడా గెలవని మనిషి కదా, ఆటలోనైనా గెలుద్దామనుకున్నాడో ఏమో, దూకిందే దూకుడుగా ఎనిమిది కాయలు ఒలిచి నమిలేశాడు. తలెత్తి చూస్తే పిల్ల కళ్ళ నిండా నీళ్ళు. "భలే మొగోనివి పో" అంది మారెక్క. "ఆరేండ్ల పాప మీద గెలిచినావు. ఊరంతా చాటించుకో."

రెండో ఆటలో మేకలు తీసుకుని, బుద్ధిగా ఓడిపోవడానికి సిద్ధపడ్డాడు. మేకలను తీసుకెళ్ళి పులి నోటికి అందించసాగాడు. నాలుగు కాయలు తిన్నాక జయంతి నమలడం ఆపింది. "నువ్వు కావాలనే ఓడిపోతాండావు. నాకి తెలీదనుకుంటివా" అని మిగిలిన కాయలు బండ మీద నుంచి ఒక్క తోపుతో తోసేసి లేచిపోయింది. తిప్పేష్ వంగి వాకిట్లో కాయలు ఏరుకున్నాడు.

"పిల్లోల్లతో ఆడేది తెలీదు నీకు" అంది మారెక్క, ఈసారి కాస్త మెత్తగా. "గెలిచేది ఓడేది తర్వాత. నోరిప్పి మాట్లాడతా ఆడాల. తప్పు ఎత్తు ఏస్తే ఒగసారి ఎనక్కి తీసుకోనియ్యాల. ఎందుకు తప్పో చెప్పాల. బెదిరియ్యకూడదు, మోసం జేయకూడదు. నీకు వచ్చిన ఆట నువ్వు ఆడు, దానికి వచ్చింది అది ఆడతాది."

మర్నాడు తిప్పేష్ మేకలు తీసుకుని నిజంగానే ఆడాడు. నోరిప్పి ఏం మాట్లాడాలో తోచలేదు. అతనికి తెలిసిందల్లా గొర్రెలే. అందుకని ఒక్కొక్క కాయ పెడుతూ దానికి తన మందలోని ఒక గొర్రె పేరు పెట్టాడు. "ఇది కర్రిది. ముందర ఇదే నడుస్తాది, మిగిలినవి దీని ఎంటబడి వస్తాయి. ఇది కుంటిది. వాగు దాటేటప్పుడు నేనే ఎత్తుకుంటా. ఇది దొంగది. ఏ చేలో పచ్చగా ఉంటే ఆడ దూరతాది, తిట్లు మాత్రం నాకు."

"కొట్టినారా నిన్ను?" అంది జయంతి. తండ్రిని ఆమె అడిగిన మొదటి ప్రశ్న అది.

"ఒగసారి కట్టె తీసుకోని తరిమినారు. కుంటిదాన్ని బుజానేసుకోని పరిగెత్తితి."

జయంతి నవ్వింది. పులిని దూకించడం కూడా మరిచిపోయింది.

అక్కడి నుంచి ఆట ఊపందుకుంది. పిల్ల బడి నుంచి వచ్చి సంచీ విసిరేసి నేరుగా అరుగెక్కేది. ఒక ఆట అయ్యీ కాకముందే ఇంకోటి, అది కాగానే మరోటి. అన్నానికి పిలిస్తే "ఇంగొగటే మా" అని బతిమాలేది. అన్ని ఆటలు ఒక్కరోజే ఆడేసుకోవాలన్నంత తొందర దానికి ఎందుకో తిప్పేష్‌కు అప్పుడు అర్థం కాలేదు. కానీ అంతా మేలే జరుగుతోందని లోలోపల పొంగిపోయాడు. ఏడు నెలల ముచ్చట్లన్నీ కాయల పేరు మీద చెప్పుకుపోయాడు.

ఒక్కటే వింత. మేకలతో ఆడితే తిప్పేష్ ఒక్కసారీ గెలవలేదు. ఓడిపోవాలని కాదు, పట్టుదలగా ఆడే ఓడిపోయేవాడు. మేకలాటలో ఒక కిటుకుంది. ఎక్కడో ఒకచోట ఒక మేకను పులికి ఎర వేయాలి. పులి ఆశపడి దూకగానే అది ఖాళీ చేసిన ఇంట్లో ఇంకో మేకను పెట్టి దారి మూసేయాలి. ఆటలో మేకలన్న పేరే గానీ తిప్పేష్‌కు అవి గొర్రెలు. పొద్దున లెక్కపెట్టి తోలినవాటిని సాయంత్రం లెక్క తగ్గకుండా తెచ్చుకునే చేతులు అతనివి. ఎర వేయడానికి చేయి రాలేదు. అన్నింటినీ అంచుల్లోకి నెట్టి ఒకదాని వెనక ఒకటి కాపు పెట్టేవాడు. చివరికి ఎటూ కదపడానికి చోటు లేక, కదిపిన ప్రతి మేకనూ పోగొట్టుకునేవాడు. జయంతి నిజంగానే గెలిచేది.

పదకొండో రోజు సాయంత్రం ఆట సరిగ్గా అక్కడికే వచ్చింది. మారెక్క పక్కనే కూర్చుని చింతపండు పిక్కలు తీస్తూ చూస్తోంది.

"ఆ కర్రిదాన్ని ఇచ్చేయరా. పులి దూకితే ఈ పక్కంతా మూసుకోని పోతాది" అంది.

తిప్పేష్ కాయ మీద వేలు పెట్టి, మళ్ళీ తీసేశాడు. "నా చేత కాదు మా. ఏడు నెల్లు తిరిగి ఒక్కటి తగ్గకుండా ఇంటికి తెచ్చినోన్ని. ఒక్కదాన్ని గూడా నేను ఇడిసిపెట్టను."

జయంతి తల వంచుకుని పులి రాయిని బండ మీద అటూ ఇటూ దొర్లిస్తోంది.

"గొర్రెనైతే ఒక్కదాన్ని గూడా ఇడిసిపెట్టవు" అంది. "నన్నైతే ఇడిసిపెట్టి పోతావు గదా నాయనా."

కోపంగా అనలేదు. ఏడుస్తూ అనలేదు. ఎవరికెన్ని కాయలు వచ్చాయో చెప్పినట్టు చెప్పింది. నాయనా అన్న పిలుపు కోసం పదకొండు రోజులు కాచుకున్నాడు తిప్పేష్. వచ్చింది, ఇట్లా వచ్చింది. కళ్ళ ముందు గీతలన్నీ అలుక్కుపోయాయి. లేచి, దొడ్డి వైపు నడిచాడు. అక్కడ తన అరవై గొర్రెల మధ్య నిలబడి, చాలాసేపు వాటిని లెక్కపెట్టకుండా ఊరికే చూశాడు.

తెల్లవారి హేమావతితో మాట్లాడాడు, తర్వాత ఓబులేష్ ఇంటికి పోయాడు.

"ఇరవై రెండు నా కాడ పెట్టుకుంటా. మిగిలినవి నువ్వు తోలుకోని పో. పాలుకు ఇస్తాండా" అన్నాడు. పాలుకు ఇవ్వడమంటే, పుట్టే పిల్లల్లో సగం మేపినవాడికే. ఏ కాపరీ ఒంట్లో ఓపిక ఉండగా చేసే పని కాదది.

ఓబులేష్ నోరు తెరిచాడు. "మతి గాని పోయిందా బావా? ఈడ కూసోని ఏం జేస్తావు?"

"పుష్పావతమ్మ చీనీతోటలో నీళ్ళు కట్టే పని ఉండాదంట, హేమ అడిగొచ్చింది. ఇరవై రెంటికైతే మేతకు వామిలో పాత బుడ్డల కట్టె సరిపోతాది. కరువు పనులు ఉండనే ఉండాయి."

"సగం పిల్లలు పోతాయి నీకు. నష్టం కాదా?"

"అవును, నష్టమే" అన్నాడు తిప్పేష్.

ఓబులేష్ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. ఇంకా తిడతాడేమో అనుకున్నాడు తిప్పేష్. ఓబులేష్ మాత్రం ఇంటి లోపలికి చూశాడు. అక్కడ అతని కొడుకు, తొమ్మిదో తరగతివాడు, గోడ వైపు తిరిగి చదువుకుంటున్నాడు. "మావోడు నాతో సరిగ్గా మాట్లాడి మూడేండ్లయింది బావా" అన్నాడు గొంతు తగ్గించి. "ఉండుపో. నీ గొర్రెలు నా గొర్రెలు ఒగటే."

ఇంట్లో జయంతికి ఏమీ చెప్పవద్దన్నాడు తిప్పేష్. ఉగాది మాట ఒకటి ఇచ్చి చెడగొట్టుకున్నాడు, ఇంకో మాట ఇవ్వడానికి ధైర్యం చాల్లేదు. ఆ సాయంత్రం మాత్రం మామూలుగానే అరుగు మీద కూర్చుని మేకలు పేర్చాడు. ఆట ముదిరాక కర్రిదాన్ని తీసి పులి ముందు పెట్టాడు. జయంతి ఒకసారి తండ్రి మొహం చూసి, ఏ మాత్రం జాలి లేకుండా దూకి, కర్రిదాన్ని ఒలిచి నమిలేసింది. తిప్పేష్ ఖాళీ అయిన ఇంట్లో కుంటిదాన్ని పెట్టాడు. ఇంకో ఆరు ఎత్తుల్లో మూడు పులులూ కదలకుండా పోయాయి.

హేమావతి పిల్ల ఏడుస్తుందని పరుగున వచ్చింది. జయంతి ఏడవలేదు. పులులను ఒక్కొక్కదాన్నే వేలితో కదిపి చూసింది, దారి లేదని రూఢి చేసుకుంది. "ఈసారి నాకి మేకలు" అని కాయలన్నీ తన వైపు లాక్కుంది. "నాకి గూడా నేర్పించు, అట్ల ఇచ్చేది."

పదిహేనో రోజు తెల్లవారుజామున మందలు కదిలాయి. గంటల చప్పుడు, అదిలింపులు, దుమ్ము. ఓబులేష్ ముందు నడుస్తుంటే తిప్పేష్ ఊరి చివర వరకూ పోయి, కర్రిది వెనక్కి తిరిగి చూస్తే చూడలేక ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఒంట్లో ఒక భాగం ఆ దుమ్ములో పోయినట్టే ఉంది. లేదనడం అబద్ధం.

గంటల మోతకు మెలకువ వచ్చిన జయంతి లోపలి నుంచి ఒక్క ఉరుకున వాకిట్లోకి వచ్చింది. దుమ్ము లేస్తున్న దారి వైపు చూసి, చేతులు రెండూ గట్టిగా బిగించుకుని నిలబడింది. తర్వాత పక్కకు చూసింది. తండ్రి అరుగు మీద ఉన్నాడు. నమ్మలేక దొడ్డి దగ్గరికి పోయి లోపల గొర్రెలున్నాయో లేవో చూసింది. తిరిగొచ్చి అతని ఎదుట నిలబడింది.

"నువ్వు పోలేదే?"

"పోలేదు."

"రేపు పోతావా?"

"రేపు గూడా ఈన్నే ఉంటా."

"ఎల్లుండి?"

"ఎల్లుండి గూడా. ఈ ఏడు యాడికీ పోను పాపా."

జయంతి ఆలోచించింది. తిప్పేష్ కాయల డబ్బా దగ్గరికి లాక్కుని మూత తీశాడు. పిల్ల డబ్బా వైపు చూసి, పెద్ద ఆవులింత తీసింది.

"అయితే రేపు ఆడదాంలే నాయనా. ఇప్పుడు నిద్రొస్తాండాది" అని అరుగెక్కి, అతని తొడ మీద తల పెట్టి పడుకుంది.

తిప్పేష్ డబ్బా మూత పెట్టేశాడు. కాసేపటికి కాలు తిమ్మిరెక్కింది. ఎండ అరుగు మీదికి వచ్చేదాకా అతను కదలలేదు.